నీళ్ళు చూశావా?

టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దగ్గరికి చేరేసరికి స్టీరింగు పట్టుకున్న కూతురు కేకేసింది.

"నాన్నా, బండి వేడెక్కిపోతోంది!"

పక్క సీట్లో ఉన్న తండ్రి ముల్లు వైపు ఓసారి చూసి "ఊఁ" అన్నాడు. నలభై ఏళ్ళు కార్ల షెడ్డు నడిపిన మనిషి. మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు.

ముందు బస్సు, వెనక లారీ, రెండు పక్కలా మోటారు సైకిళ్ళు. పావుగంటలో పది గజాలు కదిలారు. ఆస్పత్రి ఇంకా రెండు కిలోమీటర్లుంది. పదకొండింటికల్లా ఆయన్ని గుండె ఆపరేషనుకి అప్పగించాలి. ఇప్పుడు పదీ ఇరవై. ఈ పూట తప్పితే పెద్ద డాక్టరు మళ్ళీ నెలకి గాని దొరకడు. నెల దాకా ఆగే గుండె కాదని ఆ డాక్టరే చెప్పాడు.

ఆమె ఏసీ ఆపింది. అద్దాలన్నీ దించి హీటరు పూర్తిగా తిప్పింది. ఇంజను వేడిని హీటరు లాగేస్తుందని చిన్నప్పుడు షెడ్డులో నేర్చుకున్న చిట్కా. మొహం మీదికి సెగ కొడుతుందని కళ్ళు చిట్లించుకుని కూర్చుంది. చల్లగాలి వచ్చింది.

"ఇదేంటి నాన్నా? హీటరులో చల్లగాలి వస్తే ఇంజనులో నీళ్ళు లేనట్టే కదా? నువ్వే చెప్పేవాడివి!"

తండ్రి కిటికీలోంచి బస్సు మీది ప్రకటన చదువుకుంటున్నాడు. "లేనట్టే ఉంది. ఇంక ఆపెయ్యి తల్లీ, ఇంజను పట్టేస్తుంది" అన్నాడు.

అనడమే తడవు, బానెట్ సందుల్లోంచి పొగలు. ట్రాఫిక్ కానిస్టేబుల్ ఈల ఊదుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"మేడం, నడిరోడ్డు మీద ఆపితే ఎలా? పక్కకి, పక్కకి!"

ఇద్దరు మోటారు సైకిళ్ళవాళ్ళు దిగి చెయ్యేశారు. బండి రోడ్డు పక్కకి చేరింది. ఆమె వంగి కిందంతా చూసింది.

"ఒక్క చుక్క కారలేదు! నిన్నటిదాకా శుభ్రంగా తిరిగిన బండి. ఉన్న నీళ్ళన్నీ ఎక్కడికి పోయినట్టు?"

"రేడియేటర్ మూత ముట్టుకోకు. మొహం కాలిపోతుంది. అరగంట ఆగాలి."

"అరగంటా! మన దగ్గర ఉన్నదే అరగంట!"

"ఇంజనుకి మన తొందర పట్టదమ్మా" అని ఆయన గట్టు మీద కూర్చున్నాడు. వాచీ చూసుకున్నాడు.

ఆమె కాలుగాలిన పిల్లిలా బండి చుట్టూ తిరిగింది. "నీళ్ళు చూశావా?" ఇంట్లో ఎవరు తాళంచెవి తీసినా ఆయన అడిగే మొదటి మాట అది. నీళ్ళంటే ఉత్త నీళ్ళు కాదు, ఇంజన్ని చల్లబరిచే ఆకుపచ్చటి మందు. షెడ్డులో అందరికీ అది నీళ్ళే. మూల మీద కొట్టుకి వెళ్ళొస్తానన్నా అడగకుండా వదలడు. అలాంటిది ఇవాళ అడగలేదు. పొద్దున్నే లేచి, సంచి తనే సర్దుకుని, అందరికంటే ముందు వెళ్ళి బండి దగ్గర నిలబడ్డాడు. ఆపరేషనంటే ఇంత ధైర్యమా అని ఆమె మురిసిపోయింది. ఆ మురిపెంలో నీళ్ళ సంగతే మరిచిపోయింది.

"తప్పంతా నాదే నాన్నా. తిట్టు, నాలుగు తిట్టు!"

"తిట్టడానికేముంది. మరిచిపోతాం, మామూలే."

ఆమెకి కళ్ళనీళ్ళు తిరిగాయి. బోల్టు వదులుగా ఉంటే వీధంతా వినబడేలా అరిచే మనిషి. ఈయన గుండె నిజంగానే అయిపోయింది అనుకుంది.

"భయపడకు నాన్నా. డాక్టరు చిన్న పనేనన్నాడుగా."

"ఆఁ. బళ్ళు తెచ్చినవాళ్ళకి నేనూ అలాగే చెప్పేవాణ్ణి."

కానిస్టేబుల్ మళ్ళీ వచ్చాడు. ఈసారి ఈల నోట్లో లేదు. సంగతి విన్నాడు. విని, అటుగా వస్తున్న ఖాళీ టాక్సీకి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎక్కండి మేడం! ముందు చౌరస్తాలో మావాడికి చెబుతా, దారి ఇప్పిస్తాడు. పది నిమిషాల్లో ఆస్పత్రిలో ఉంటారు."

తండ్రి గబుక్కున లేచాడు. "బండిని రోడ్డు మీద వదిలేసి ఎలా వస్తాం?"

"మీ బండికి నేను కాపలా ఉంటా పెద్దాయనా."

"అది కాదు బాబూ... ఇంకో పావుగంట ఆగితే ఇదే చల్లబడుతుంది..."

"నాన్నా, చాలు! ఎక్కు!" ఆమె బండి వెనక తలుపు తీసి సంచి పట్టుకుంది.

"నువ్వు ముట్టుకోకు! అది నేను తెచ్చుకుంటా!"

గుండె జబ్బు మనిషి, పరుగెత్తుకొచ్చాడు. ఈలోగా ఆమె సంచి లాగనే లాగింది. అది పైకి లేవలేదు, చెయ్యి మాత్రం గుంజింది. మూడు రోజుల బట్టలకి ఇంత బరువేంటి? జిప్పు లాగింది.

రెండు జతల బట్టలు. తువ్వాలు. పళ్ళ బ్రష్షు. వాటి కింద, మూత బిగించి, పైన ప్లాస్టిక్ కవరు చుట్టి, ఒలకకుండా నిలబెట్టిన అయిదు లీటర్ల డబ్బా. డబ్బాలో ఆకుపచ్చటి నీళ్ళు.

టాక్సీవాడు హారన్ కొట్టాడు. ఆమె డబ్బాని చూసింది, తండ్రిని చూసింది.

ఆయన తలెత్తకుండా అన్నాడు: "పదకొండు దాటగానే మళ్ళీ పోసేద్దామనుకున్నానమ్మా."