ఏ ఊరోడప్పా?

మూడు ఊర్లోళ్ళూ మూడు బంతులు తెచ్చినారు. ఒకరి బంతితో ఇంకొకరు ఆడరంట.

"బంతి గుండ్రంగానే ఉంటాది గదప్పా, యా ఊరిదైతే ఏంది?" అని అరిచినాడు తిప్పన్న.

ఆయన ప్రొద్దుటూరులో డ్రిల్లు మాస్టరు. కడప జిల్లా వాలీబాల్ జట్టుకు ఈ ఏడే కొత్తగా మేనేజరైనాడు. మన జట్టు రాష్ట్ర పోటీలకు పోవడం, మొదటి ఆటలోనే ఓడి ఆ పూట రైలుకే తిరిగి రావడం ఏటా ఉండేదే. ఈసారి ఒక్క ఆటన్నా గెలిపించకుంటే ఈ మేనేజర్‌గిరీ నాకొద్దని పెండ్లాంతో చెప్పి మరీ వచ్చినాడు.

అందుకే ఆటగాళ్ళను ఏరే ఈ దినం పొద్దున్నే గట్టిగా చెప్పినాడు.

"సిఫారసుతో వచ్చినోడు బయటికే. నేనింతటోణ్ణి, అంతటోణ్ణి అని సొంత డబ్బా కొట్టుకునేటోడూ బయటికే. ఆట చూసి తీసుకుంటా, అంతే!"

అందరూ తలలూపినారు. ఊపి, పిల్లోళ్ళను తోలుకొచ్చిన మూడు ఊర్ల పెద్దమనుషులూ ఎవరి సిఫారసు వాళ్ళు మొదలుపెట్టినారు.

"మా జమ్మలమడుగోళ్ళు నలుగురన్నా లేకుంటే ఊర్లో మొగం చూపించలేను సార్" అన్నాడు చాంద్ బాషా.

"మా పులివెందులకూ నలుగురు" అన్నాడు వీరారెడ్డి.

"జట్టు పుట్టిందే ప్రొద్దుటూరులో. మాకు అయిదుగురు" అన్నాడు సుబ్బయ్య శెట్టి.

"ఆడేది ఆరుగురప్పా సామీ! మిగిలినోళ్ళను నెట్టుకు వేలాడదీయాల్నా?"

ఇట్ల కాదని తిప్పన్న మూడు ఊర్లనూ కలిపేసి రెండు జట్లు చేసినాడు. అది ఇంకా పెద్ద తలనొప్పి అయి కూర్చుంది.

ప్రొద్దుటూరోడు బంతి లేపితే ప్రొద్దుటూరోనికే. జమ్మలమడుగోడు నెట్టు పక్కన చేతులెత్తుకోని నిలబడినా వానికి ఇయ్యడు. వాడు లేపితే వాళ్ళోనికే. ఎవడు బాగా కొడతాడో చూద్దామంటే అసలు బంతి వాని తట్టుకే పోదాయె!

"ఖర్మ రా నాయనా!" అని తిప్పన్న నెత్తి కొట్టుకున్నాడు.

ఇంతలో ఒకడు అలిగి చొక్కా తొడుక్కోని పోయినాడు. ఆరోవాడు తక్కువైనాడు.

గట్టు మీద కూర్చున్న నడివయసు మనిషి లేచినాడు. ఎవరో ఏమో, నీలం చొక్కా వేసుకున్నాడు.

"నేను నిలబడేదా సార్?"

"నిలబడప్పా, ఎవరో ఒకరు!"

ఆ మనిషి ఎగరలేదు, కొట్టలేదు. తన దగ్గరికి వచ్చిన బంతినల్లా మెత్తగా పైకి లేపి, ఎవరికి వీలుంటే వానికి ఇచ్చినాడు. జమ్మలమడుగోడు కొట్టినాడు. పులివెందులోడు కొట్టినాడు. పొద్దున్నుంచి ఊరికే నిలబడినోడు కూడా కొట్టినాడు. తిప్పన్నకు ఆ దినం మొదటిసారి ఆట అనేది కండ్లపడింది.

"భలే! పేరేందప్పా?"

"మక్బూల్ సార్."

"ఏ ఊరు?"

"కడప జిల్లానే సార్."

"జిల్లా ఊరెట్లయితాది? సరిగ్గా చెప్పు!"

"ఇప్పుడు ముద్దనూరు రైలు టేషన్లో పని చేస్తాండా సార్. ఇంతకుముందు నేను..."

"ఆపు! నీ గొప్పలు నాకొద్దు. పొద్దున చెప్పింది ఇనపడలేదా?"

మక్బూల్ తలూపి, పోయి గట్టు మీద కూర్చున్నాడు.

శెట్టి మెల్లగా పక్కకొచ్చినాడు. "ముద్దనూరంటే జమ్మలమడుగు దగ్గరే గద సార్. వాళ్ళ మనిషే."

"మా మనిషా?" చాంద్ బాషా ఎగిరిపడినాడు. "పులివెందులోళ్ళకు ఎన్ని బంతులిచ్చినాడో చూడలేదా? రెడ్డి తెచ్చినోడే!"

"మావోడైతే ప్రొద్దుటూరోళ్ళకు ఎందుకిస్తాడప్పా? ఇదంతా శెట్టి పనే!" అన్నాడు వీరారెడ్డి.

కడాకు ముగ్గురూ ఒక్కమాటైనారు. "వాడొద్దు సార్. వాణ్ణి తీసుకుంటే మా పిల్లోళ్ళు ఒక్కరూ రారు."

పొద్దున్నుంచి వాళ్ళు ఒప్పుకున్నది ఈ ఒక్కదానికే. తిప్పన్నకు తల పగిలిపోతాంది.

"సరే, వాడొద్దు! ఊరికి ఇద్దరిద్దరు. ఇంక నా పానం తీయొద్దండి!"

మక్బూల్ అంతా ఇన్నాడు. "సరే సార్" అని చెప్పులేసుకున్నాడు. పోతా పోతా తలా ఒక దిక్కు పడున్న మూడు బంతులనూ ఏరి ఒకే సంచిలో వేసి పోయినాడు.

కర్నూలు పోటీలకని జట్టు ముద్దనూరులో రైలెక్కింది. పచ్చజెండా పట్టుకోని నిలబడింది మక్బూలే.

"గెల్చుకోని రాండి సార్" అన్నాడు.

తిప్పన్నకు ఆ మనిషి మొగం చూడ్డానికి సిగ్గేసింది. తల తిప్పుకున్నాడు.

కర్నూల్లో మొదటి ఆట అనంతపురం జిల్లాతో. ప్రొద్దుటూరోడు ప్రొద్దుటూరోనికే లేపినాడు, పులివెందులోడు పులివెందులోనికే. బంతి యాడికి పోతాదో అవతలోళ్ళకు ముందే తెలిసిపోతాంటే ఇంక ఆటేముంది? ఎండ ముదరకముందే మనోళ్ళు ఓడిపోయినారు.

తిప్పన్న సంచి సర్దుకుంటాంటే అనంతపురం కెప్టెన్ పరిగెత్తుకోని వచ్చినాడు.

"సార్, మా మక్బూలన్న యాడ? కనపడలేదే?"

"మీ... మక్బూలన్నా?"

"మొన్నటిదాకా మాకు ఆయనే కెప్టెన్ సార్, గుంతకల్లులో ఉండేటోడు. ఆయన లేపి ఇస్తాంటే కొట్టి నేర్చుకున్నోళ్ళమే మేమంతా. ఆడే వయసు అయిపోతాంది, ఒక్కసారన్నా నా జిల్లాకు ఆడల్ల అని, ఆఫీసర్ల కాళ్ళూ గడ్డాలూ పట్టుకోని మీ తట్టుకు బదిలీ చేయించుకున్నాడు. తీసుకున్నారు గదా సార్?"

తిప్పన్న సర్దుతాన్న సంచి కింద పెట్టినాడు. నోట వచ్చింది మళ్ళా ఆ పాత మాటే.

"ఏ ఊరోడప్పా ఆయన?"

"ఏమో సార్, ఎప్పుడడిగినా కడప జిల్లా అనే చెప్పేటోడు."