చెల్లుకు చెల్లు

“వెళ్లి ఓటేసి రా వెర్నా. నేనేమీ అనుకోను,” అన్నాడు డెల్మర్, గొంతు తగ్గించి.

వెర్నా నోటి దాకా తెచ్చిన చెంచా అక్కడే ఆగిపోయింది. ఈ మనిషి నోట ఈ మాటా?

కార్వర్ ఊళ్లో వీళ్లిద్దరి ఒప్పందం తెలియనివాళ్లు లేరు. ఆమె మూడో తరగతి పంతులమ్మ. అతను పశువుల ఆసామి. ఆమె దేనికి ‘అవును’ అంటే అతను దానికి ‘కాదు’ అంటాడు. ఇద్దరూ వేస్తే చెల్లుకు చెల్లు. ఆమాత్రం దానికి చలిలో వరసలో నిలబడటం దేనికని, ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఇద్దరూ ఓటు మానేసి ఫ్లోయ్ హోటల్లో కూర్చుంటారు. వేడివేడి చిల్లీ మాంసం కూర, పక్కన దాల్చినచెక్క రొట్టె తింటూ, ఓటింగు ముగిసేదాకా ఒకరికొకరు కాపలా కాస్తారు.

ఈసారి మాత్రం వెర్నాకు ముద్ద దిగడం లేదు. బడి బాగుకోసం బాండ్లు అమ్మి, ఆ అప్పు భూముల పన్నుతో తీర్చాలా వద్దా అన్నదే ఇవాళ్టి ఓటు. ఓడిపోతే వచ్చే ఏడు బడికి తాళం. పొట్టి పొట్టి పిల్లలు కూడా చీకటితో లేచి, బస్సెక్కి పక్క కౌంటీకి పోవాలి. ఆ పన్ను వద్దనే సంఘానికి పెద్ద ఎవరయ్యా అంటే, ఎదురుగా కూర్చున్న ఈ డెల్మరే.

“నేనటు వెళ్లగానే నువ్వు నా వెనకే రావడానికా?” అంది వెర్నా.

“నేనెక్కడికీ రాను. ఇదిగో, ట్రక్కు తాళాలు నీ దగ్గరే పెట్టుకో.”

“రోడ్డు దాటితే ఓటేసే హాలు. దానికి ట్రక్కెందుకు? నా చెవిలో పువ్వు పెట్టకు డెల్మర్.”

అతను ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. వెనక బల్ల దగ్గర ఉన్నది అతని సంఘంవాళ్లే. అందులో హార్లన్‌వి పాము చెవులు. డెల్మర్ మళ్లీ ముందుకు వంగాడు.

“మీ పిల్లలు చేతితొడుగులతోనే రాస్తున్నారు కదా? మంచు తొయ్యడానికి వచ్చినప్పుడు కిటికీలోంచి చూశాను.”

“చూసే వద్దన్నావా? మొన్న సభలో, మా కాలంలో చలికి ఎవరూ చావలేదన్నది ఈ నోరేగా.”



“ఏంటి డెల్మర్, గుసగుసలు?” అన్నాడు హార్లన్. “పంతులమ్మని మాత్రం కదలనివ్వకు. నీ ఉద్యోగం ఇవాళ అదే.”

బల్లంతా నవ్వింది. డెల్మరూ నవ్వాడు. ఆ చలిలో అతని నుదుటి మీద చెమట పట్టింది.

ఆ చెమట చూసి వెర్నాకు అనుమానం ఇంకా బలపడింది. వీడేదో పన్నాగం పన్నాడు. తను వెళ్లి వేసినా అతనూ ‘కాదు’ వేసి చెల్లు చేసేస్తాడు, ఒరిగేదేమీ లేదు. పైగా మాట తప్పిన పంతులమ్మ అని రేపు ఊరంతా చాటిస్తాడు. అబద్ధమాడకండని పిల్లలకు చెప్పే నోటికి ఇక విలువేముంటుంది? అయినా కాళ్లు ఊరుకోవడం లేదు. ఒక్క ఉరుకులో హాల్లో పడవచ్చు. ఆమె బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

ఏడు గంటలు కావస్తోంది, ఓటింగు ముగిసే వేళ. డెల్మర్ చటుక్కున లేచాడు. వెర్నా అతని చొక్కా చెయ్యి పట్టి లాగింది.

“కూర్చో. ఎక్కడికి?”

“నీకు తలుపు తీద్దామని. వెర్నా, ఒక్కసారికి నన్ను నమ్ము. వెళ్లు.”

“ఎలుకా ఎలుకా నన్ను నమ్మవే అందట పిల్లి. కూర్చోమన్నానా?”

అతను కూలబడ్డాడు. ఎదుటి హాలు తలుపులు మూసుకున్నాయి. అప్పటికి వెర్నాకు ఊపిరి ఆడింది. ఇక వీడు ఏ పన్నాగమూ పన్నలేడు. చల్లారిపోయిన రొట్టె తుంచి నోట్లో వేసుకుంది. డెల్మర్ మాత్రం అరచేతుల్లో ముఖం పెట్టుకుని ఉండిపోయాడు.

లెక్క తేలడానికి ఎంతోసేపు పట్టలేదు. ఫోను పెట్టేసి ఫ్లోయ్ అందరి వైపూ చూసింది.

“అన్నీ కలిపితే సరిసమానం. సమానమైతే ఓడినట్టేనట. ఇంకొక్క ‘అవును’ పడి ఉంటే బడి నిలిచేదట.”

వెనక బల్ల కేకలు వేస్తూ లేచింది. హార్లన్ వచ్చి డెల్మర్ వీపు తట్టి, మిగతావాళ్లను వెంటేసుకుని పండగ చేసుకోవడానికి పోయాడు. వెర్నా కళ్లు తుడుచుకుంది. తరగతిలో ఒక్కొక్క ముఖమూ గుర్తొస్తోంది.

“మనిద్దరం వేసినా ఇంతేగా,” అంది, తనకు తానే నచ్చజెప్పుకుంటూ. “చెల్లుకు చెల్లు.”

డెల్మర్ జేబులోంచి ఏదో తీసి బల్ల మీద పెట్టాడు. ఓటేసినవాళ్లకిచ్చే గుండ్రటి స్టిక్కరు.

“కౌంటీ ఆఫీసులో ముందుగానే వేయనిస్తారు కదా, వెళ్లి వేసేశాను. పోయిన శుక్రవారం.”

వెర్నాకు ఒళ్లు మండిపోయింది.

“మాట తప్పావన్నమాట. నమ్మి కూర్చున్నందుకు నా నోట మట్టి కొట్టావు. నీ ఒక్క ‘కాదు’ లేకపోతే నా పిల్లలకు బడి మిగిలేది కదా.”

డెల్మర్ తలెత్తాడు. అతని కళ్లూ తడిగానే ఉన్నాయి.

“నేను వేసింది ‘అవునే’ వెర్నా. అందుకేగా నిన్ను వెళ్లమని అంతలా ప్రాధేయపడ్డాను.”