ఢాకా సీటు

“ఢాకా అంటే పక్కూరు యాలాల్ అనుకున్నరా, పొద్దుగాల పోయి మాపటికి వచ్చెతందుకు?” అన్నాడు బిచ్చయ్య, చేతిలోని టీ గ్లాసును తాగకుండానే కింద పెడుతూ.

ఆస్పత్రిలో నర్సు డ్యూటీ దిగి అప్పుడే ఇల్లు చేరిన కోడలు మల్లీశ్వరి గడప దగ్గరే ఆగిపోయింది. డిగ్రీ పూర్తిచేసిన మనవరాలు సింధుజ మాత్రం వచ్చి తాత ఎదురుగా కూర్చుంది.

“ఒక్క యేడు చదువే గద తాతా. గా యూనివర్సిటీల సీటు కోసం దేశదేశాలోళ్లు ఎగబడతరు. చదువు, హాస్టలు ఖర్చంత వాళ్లదే. అర్జీ పెడితే తప్పేంది? రాకపోతే ఇంట్లనే ఉంటం.”

“వస్తే?”

“వస్తే పోవాలె.”

“మన దేశం కాదు, మన మాట కాదు. ఆడమనిషి ఒక్కతే ఎట్లుంటది? ఈ యేడు నీకు సంబంధం చూద్దామనుకుంటి.”

“ఒక్క యేడు ఆగితే ఏం పోదు.”

“అది ఆగుతనంటున్నది గద మామా,” అంది మల్లీశ్వరి మెల్లగా.

బిచ్చయ్య కొడుకు దశరథ్ లారీ మీద ఊళ్లు తిరుగుతుంటాడు. ఫోన్ చేస్తే, “నాయిన సరే అంటే నాకేం లేదు,” అన్నాడు. దాంతో భారమంతా ముసలాయన మీద పడింది. ఆయన అవుననలేదు, కాదనలేదు. గొర్లను తోలుకుని తాండూరు శివారు దాటి వెళ్లిపోయాడు.

ఆదివారం తల్లీకూతుళ్లు రైలెక్కి వికారాబాద్ వెళ్లారు. నర్సింగు పాఠాలు చెప్పే పద్మారాణి మేడం సిఫారసు చేస్తూ నాలుగు మాటలు రాసివ్వాలి.

“పోటీ మస్తు ఉంటది. రాకుంటే మనసు కష్టపెట్టుకోవద్దు,” అందామె ఇద్దరినీ చూస్తూ. “ధైర్యం ఉన్నదా మల్లీశ్వరీ?”

“భయమైతుంది మేడం. మేమిద్దరం ఎన్నడు ఇడిసి ఉన్నోళ్లం కాదు.”

“నాకైతే ఏం భయం లేదు,” అంది సింధుజ. తిరుగు రైల్లో ధారూర్ దాటుతుంటే, కిటికీ దగ్గర కూర్చున్న సింధుజ మొహం తిప్పుకుని కళ్లు తుడుచుకోవడం తల్లి చూసింది. చూసినట్టు మాత్రం కనపడనివ్వలేదు.

ఆ తరువాత రోజూ వంటింట్లో ఇంటర్వ్యూ తయారీ సాగింది. ఒకరు అడగడం, ఒకరు చెప్పడం. ఇంగ్లిషు ముక్క గొంతులో చిక్కుకుంటే ఇద్దరూ నవ్వుకునేవారు.

ఇంటర్వ్యూ కంప్యూటర్లోనే జరిగింది. తల్లీకూతుళ్లు గదిలోకి పోయి తలుపు వేసుకున్నారు. ఆ పూట బిచ్చయ్య గొర్ల వెంట పోలేదు. అరుగు మీద కూర్చున్నాడు. లోపలి మాటల్లో ఒక్కటీ ఆయనకు అర్థం కాలేదు. ఉన్నట్టుండి ఆ ఇంగ్లిషు మధ్యలో “బీరమ్మ” అన్న పేరు వినపడింది. కాసేపటికి మళ్లీ వినపడింది. 

బీరమ్మ ఆయన భార్య. నాపబండలు పాలిష్ పట్టే మిషన్ల దగ్గర పనిచేసి, ఆ దుమ్ము పీల్చి పీల్చి, చివరికి దగ్గుతూనే పోయింది.

సింధుజ బయటికి రాగానే అడిగాడు. “ఆమె పేరెందుకు తీసిన్రు?”

“దుమ్ముల పనిచేసెటోళ్ల పానం ఎట్ల కాపాడాలె అన్న చదువే తాతా అది. నానమ్మ సంగతి చెప్తే వాళ్లు మస్తు సేపు అడిగిన్రు.”

బిచ్చయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

“ఆమె పేరు గంత దూరం పోయిందా,” అన్నాడు. “సీటొస్తే పంపిద్దాం బిడ్డా.”

సీటు వచ్చింది.

ప్రయాణం దగ్గర పడుతుంటే మల్లీశ్వరి కూతురికి జొన్నరొట్టె తట్టడం నేర్పింది. “నీళ్లు చూసి పొయ్యి. ఇగ నీ పక్కపొంటి నేనుండ,” అంది. సింధుజ తట్టిన మొదటి రొట్టె అంచులు పగిలాయి. బిచ్చయ్య దాన్నే అడిగి మరీ తిన్నాడు.

తాండూరు స్టేషన్‌లో రైలు ఎక్కువసేపు ఆగదు. సంచులు లోపల పెట్టించి, సీటు చూసి, అందరూ హడావుడి పడ్డారు. మల్లీశ్వరి కూతురి చెంపలు నిమిరి, “యాళ్లకు తిను. పానం బాగలేకుంటే దాచకు. రోజు ఫోన్ చెయ్యి,” అంది.

“దగ్గు తగ్గే ఉపాయం ఏమన్న ఉంటే నేర్చుకొని రావాలె,” అన్నాడు బిచ్చయ్య ఎటో చూస్తూ.

రైలు కదిలింది. దాని కిటికీ పక్కనే ప్లాట్‌ఫాం మీద పరుగులాంటి నడకతో వస్తూ సింధుజ అరిచింది.

“మంచిగ చదువుకో అమ్మా.”