కటింగ్

“ఇయ్యాల్టి నుంచి కటింగే బావా. దసరా దాకా తప్పదు,” అన్నాడు వీరేంద్ర ఫోన్లో, డాబా మీద భార్య అప్పుడే ఆరేస్తున్న తడి దుప్పట్ల మధ్య తిరుగుతూ. “ఉన్నది పోకుండా సూసుకోవాలి, అదే నా భయం. సుధకి మాత్రం సెప్పకు. తెలిత్తే బెంగెట్టేసుకుంటాది.”

అవతల ఉన్నది సన్యాసిరాజు. మల్కాపురం జిమ్ములో ఇద్దరూ కలిసి బరువులెత్తుతారు. కిందటేడు వీరేంద్ర డైటింగ్ అంటూ తిరిగితే, ఆ మాట పాతబడిందనీ, కొవ్వు కరిగించి కండ నిలబెట్టుకోవడాన్ని కటింగ్ అనాలనీ ఈమధ్యే చెప్పాడు.

పేరు ఏదైతేనేం, పని మాత్రం తేలిక కాదు. కిందటేడు వీరేంద్ర తనకు తోచినట్టు మాడు పస్తులుండి, పొట్టతో పాటు భుజాలూ పోగొట్టుకున్నాడు. చొక్కా చేతులు వేలాడుతుంటే, పోర్టులో తను నడిపే క్రేను దిగినప్పుడల్లా ఎవరో ఒకరు ఏం జబ్బని అడిగేవారు. తర్వాత కండ రాలేదు గానీ పొట్ట మాత్రం నిక్షేపంగా తిరిగొచ్చింది. ఈసారీ బోల్తా పడితే ఇక ఇనుము ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు.

అసలు చిక్కు జిమ్ములో లేదు, వంటింట్లో ఉంది. సుధారాణి చెయ్యి పెద్దది. వద్దన్నకొద్దీ వడ్డిస్తుంది. వేపుడు నూనెలో ఈదాలి, ఆదివారం ఖరీదైన వంజరం చేప ముక్కలు పళ్లెంలోంచి పొంగిపోవాలి. మొగుడు ఒక ముద్ద తగ్గిస్తే తన వంట మీద అలిగాడనుకుని తనూ తినడం మానేస్తుంది. కిందటేడు వారం రోజులు ఇంట్లో మాటల్లేవు. ఆ గొడవ మళ్లీ ఎందుకని, ఈసారి గుట్టుగా కానిద్దామనుకున్నాడు.

ఆ పూట భోజనానికి కూర్చుని పళ్లెం చూసి తెల్లబోయాడు. గుప్పెడంత అన్నం, పలచటి ఉలవచారు, నూనె చుక్క తేలని కవళ్ల చేపల పులుసు, ఉడకబెట్టిన గుడ్లు. సన్యాసిరాజు చెప్పిన తిండి అచ్చంగా ఇదే.

“కటింగని తెలిసింది లెండి,” అంది సుధారాణి. “నాకాడ దాచడం ఏటండీ? అదొక్కటే నాకు బాధ.”

వీరేంద్రకు మొహం చెల్లలేదు. సన్యాసిరాజు నోట్లో నువ్వుగింజ నానదని మనసులోనే తిట్టుకున్నాడు. “నువ్వు ఏటనుకుంటావోనని సెప్పలేదు సుధా. దసరా దాకే.”

“ఎంతవరకైనా కానీండి. ఇద్దరం కలిసి గట్టెక్కేద్దాం. ఉన్నది పోకుంటే సాలు.”

పులుసు కలుపుకుంటూ వీరేంద్ర మురిసిపోయాడు. కండ విలువ తెలిసిన పెళ్లాం ఎందరికి దొరుకుతుంది?

ఆ రోజు నుంచి ఇంటి తీరే మారిపోయింది. పొద్దున్నే పూరీల బదులు రాగిపిండితో కాచిన చోడి అంబలి వచ్చింది. వంజరం జాడ లేదు, వారం వారం కవళ్లే. సుధారాణి మార్కెట్‌కు ఆటో మానేసి నడిచి వెళ్లడం మొదలుపెట్టింది. ఏసీ ఎందుకు, సముద్రపు గాలికి డాబా మీద పడుకుంటే హాయిగా ఉంటుందంది. మంచి నిద్ర పడితేనే కండ నిలుస్తుందని సన్యాసిరాజు చెప్పినదే కదా, ఈవిడకెలా తెలిసిందా అని వీరేంద్ర ముక్కున వేలేసుకున్నాడు. కిరాణా బిల్లు ఫోన్లో కట్టేది అతనే. బిల్లు తగ్గడం చూసి, నూనె మానేస్తే ఇన్ని లాభాలా అనుకున్నాడు.

ఒకసారి ఆమె తన గుడ్డు కూడా తీసి అతని పళ్లెంలో వేసింది. వద్దంటే వినలేదు.

“కష్టపడేవోరు, మీ బలం తగ్గకూడదు. నాకు అంబలి సాలు.”

కూర్మన్నపాలెంలో ఆమె తమ్ముడి గృహప్రవేశానికి కొత్త చీర కొంటానన్నా ఒప్పుకోలేదు. పెళ్లినాటి పట్టుచీరే కట్టుకుంది. నువ్వు కూడా సన్నబడి కొత్త పెళ్లికూతురిలా ఉన్నావని వీరేంద్ర అంటే, నవ్వి తల దించుకుంది.

జిమ్ములో ఈ సంగతులన్నీ చెబుతుంటే సన్యాసిరాజు కుళ్లుకునేవాడు. తానేమీ చెప్పలేదని ఎంత మొత్తుకున్నా వీరేంద్ర నమ్మలేదు. తన భార్యకు కటింగని చెబితే పెసరట్టు రెండు ముక్కలుగా కోసి, రెండూ పళ్లెంలోనే పెట్టిందని వాపోయాడు సన్యాసిరాజు.

దసరా ముందు ఆదివారం, జిమ్ములో అందరి ముందూ వీరేంద్ర నడుముకు టేపు చుట్టారు. పొట్ట పోయింది. తర్వాత, మొదట్లో ఎత్తిన బరువే బారుకు ఎక్కించుకుని ఎత్తాడు. వణుకు లేకుండా లేచింది. భుజాలు చొక్కా నిండా అలాగే ఉన్నాయి. అతని ఆనందానికి పట్టపగ్గాల్లేవు. దారిలో మాడుగుల హల్వా కట్టించుకుని గబగబా ఇంటికొచ్చాడు.

“కటింగ్ అయిపోయింది సుధా. ఉన్నది ఈసమెత్తు పోలేదు. అంతా నీ సలవే.”

సుధారాణి సింహాద్రి అప్పన్న పటానికి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. కళ్లు తుడుచుకుంది. కిటికీలు మూసి ఏసీ వేసింది. వంటింట్లోకెళ్లి మూకుడు పొయ్యి మీద పెట్టి, నూనె సీసా ధారాళంగా వంచింది. ఇలాంటి ఇల్లాలు ఏడేడు జన్మలకూ కావాలనుకుంటూ వీరేంద్ర హల్వా ముక్క ఆమె నోటికందించాడు. ఆమె అది తృప్తిగా నమిలి మింగి, అతని దగ్గరకు జరిగి మెల్లగా అడిగింది.

“మరి, కోసేసిన జీతం తిరిగిత్తారా?”