పడుగు పిలుపు

సర్వీసు మొత్తంలో మహమ్మద్ అలీ తాను రాసిన రిపోర్టును తానే చింపుకున్నది ఒక్కసారే. అయినా ఆ ముచ్చట చెప్పేటప్పుడు ఆయన మొహం వెలిగిపోయేది.

ఎనభై ఒకటిలో మాట. ఆదోనిలో ప్రొబేషన్ ఆఫీసరుగా చేరి మూడు నెలలు. నేరం రుజువైన మనిషిని జైలుకు పంపాలా, బుద్ధిగా ఉంటానని రాయించుకొని ఇంటికి వదలాలా అని కోర్టు అడిగితే, విచారించి చెప్పడం ఆయన పని.

"మనిషిని ఒక్కసారి చూస్తే చాలు, ఏ రకమో చెప్పేస్తా" అని భార్య జహీరా బీ దగ్గర గొప్పలు పోయేవాడు.

ఆ పొద్దు కేసు ఎమ్మిగనూరు అయ్యన్నది. ఇరవై రెండేండ్ల నేతగాడు. మాటా మాటా పెరిగి, సోమప్ప అనే ఆసామిని మగ్గం కర్రతో ఎముక విరిగేట్టు కొట్టినాడు. మరుసటి రోజే కోర్టులో రిపోర్టు ఇయ్యాల.

బస్సు దిగి టీ కొట్టు మాదన్నను అడిగితే, "ముంగోపి సారూ, ముక్కు మీదే కోపం" అన్నాడు. అలీ మనసులో సగం రిపోర్టు ఆడనే రాసేసుకున్నాడు.

మగ్గాల వీధిలో కాలు పెట్టినాడో లేదో, ఒక గదమాయింపు.

"ఏమప్పా, బొమ్మ మాదిరి నిలబడితివి! కర్రకు ఆ కొస పట్టు!"

వీధి పొడవునా పడుగు, అంటే నేతకు నిలువు దారాలు, సాపినారు. ఆడా మగా అటూ ఇటూ చేరి దారాలకు గంజి పట్టిస్తాండారు. చివరనున్న కర్రను బిగబట్టి ఒక ముసలాయన నిలబడినాడు. అదీ ఒంటిచేత్తోనే! రెండో చేయి భుజం మీది తుండు కింద దాచుకున్నాడు.

'అబ్బో, ఏం దొరతనం!' అనుకుంటూనే అలీ రెండు చేతులా పట్టినాడు.

"యా ఊరు?"

"ఆదోని. అయ్యన్న సంగతి విచారించడానికి వచ్చినా."

"ఏమేమి సూస్తావు?"

"చదువు, అలవాట్లు, పాత కేసులు, పూచీ పడేవాళ్ళు."

"మాకు అన్ని లెక్కలు లేవప్పా. పడుగు సాపే దినము పిలుస్తామా, పిలవమా. అంతే!"

"అంతేనా?"

"అంతేనా అంటావేమి! ఒకడు ఒళ్ళు మరిచి లాగినాడంటే పోగులన్నీ తెగి నెల్నాళ్ళ బువ్వ మట్టిపాలు. నమ్మినోడినే పిలుస్తాము. పిలుపు లేనోడు ఈ ఈదిలో ఉన్నా లేనట్టే."

ముసలాయన గొంతులో గర్వానికి అలీకి నవ్వొచ్చింది.

"మరి అయ్యన్నకు పిలుపుందా?"

"అదో, నడుమ తెగిన పోగులు అతుకుతాండాడే, వాడే."

అలీ తిరిగి చూసినాడు. జామీను మీద ఉన్న కుర్రోడు, వంచిన తల ఎత్తకుండా పోగు పోగూ ముడేస్తాండాడు.

"మనిషి ఎముక విరగ్గొట్టినోణ్ణి ఎవరు పిలిచినారు?"

"పడుగు ఎవురిదో వాళ్ళే పిలవాల. అది మా కట్టుబాటు."

"ఆయనెవరో వట్టి అమాయకుడు!"

"ఊరంతా అదే మాట!" ముసలాయన పకపకా నవ్వినాడు. "ఎముకదేముందప్పా, అతుక్కుంటాది. ఈ పొద్దు పిలవకుంటే వాడు రేపు యా ఈదిలో తలెత్తుతాడు?"

"నీ మాట కోర్టుకు పనికిరాదు పెద్దాయనా. దెబ్బ తిన్న సోమప్ప చెప్పాల."

"ఆయప్ప నోటితో ఏం సెప్పడులే."

ఎండ చురుక్కుమనేలోగా పని అయింది. ముసలాయన తుండు సర్దుకొని ఎటో పోయినాడు.

అలీ అరుగు మీద కూర్చొని కాగితం తీసినాడు. 'ముంగోపి. పూచీ పడే పెద్దమనిషి ఒక్కడూ లేడు. జైలే తగును.' సంతకం కూడా పెట్టేసినాడు. సోమప్పను చూడకముందే! తన కంటి మీద తనకు అంత నమ్మకం మరి.

పార్వతమ్మ అనే ఆమె మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

"సోమప్ప ఇల్లు యాడమ్మా?" అలీ గ్లాసు అందుకుంటూ అడిగినాడు.

ఆమె నడుము మీద చేయి పెట్టుకొని ఆయన్ను తేరిపార చూసింది.

"ఇంటికెందుకు సారూ? అయ్యన్న విరిచిన చేతిని తుండు కింద పెట్టుకొని, పొద్దుట్నుంచి నీ పక్కన కర్ర పట్టుకొని నిలబడింది ఎవురనుకుంటివి? ఆయప్పే సోమప్ప, ఆ పడుగూ ఆయప్పదే!"