వెనక్కి పిలవని మిషను

కూరగాయలు డ్రోన్ల మీద ఎగిరొచ్చి కిటికీలో వాలడం మొదలయ్యాక మా రేపల్లెలో బేరమాడే పనే పోయింది. ధర చెప్పేది ఆకాశం, దానితో ఏం గొడవపడతాం?

అందుకే మా వీధి మస్తాన్‌బీ ఒక బేరాల ఆట మిషను పట్టుకొచ్చింది. "అక్కా, నీ కుట్టుకొట్టు తీసేసి ఆటల కొట్టు పెడదాం. లాభం చెరిసగం," అంది. ఉన్న కొట్టు మూసుకోడానికి నాకేమన్నా పిచ్చా? "మా అత్తకి నచ్చితే పెడదాం," అన్నాను. ఆవిడకి ఇంతవరకూ ఏదీ నచ్చలేదు, నాతో సహా.

అత్త సంచీ పుచ్చుకుని మిషను ముందు నిలబడింది. తెర మీద బొమ్మ వంకాయలు నిగనిగలాడాయి.

"కిలో వంద," అంది మిషను.

"నలభైకివ్వు. అన్నీ పుచ్చులే."

"తొంభై."

అత్త మూతి తిప్పుకుని గుమ్మం దాకా నడిచి, చెప్పుల్లో కాళ్ళు నెమ్మదిగా, చాలా నెమ్మదిగా దూర్చింది.

"ఆట ముగిసింది, ధన్యవాదాలు," అంది మిషను.

"వెనక్కి పిలవదేం? ఇదేం బేరమే!" అత్త ముఖం కందగడ్డయింది. నా కొట్టు నాకు దక్కిందని లోలోపల సంబరపడ్డాను.

అంతలో మిషను వెనకనుంచి మస్తాన్‌బీ గొంతు చించుకుంది. "రా పిన్నమ్మా, రా! బోణీ బేరం, అరవైకి తీసుకుపో!"

అత్త గిరుక్కున తిరిగొచ్చింది. కొసరు కింద బొమ్మ కొత్తిమీర కూడా వేయించుకుంది. ఆ ఖాళీ సంచీ పట్టుకెళ్ళి పక్కింటి రత్తమ్మకి చూపించింది. "అరవైకే కొట్టుకొచ్చాను!"

సాయంత్రానికల్లా రత్తమ్మ సంచీతో దిగింది, యాభైకి ఇస్తారా అంటూ.

నేను కుట్టుమిషను పక్కకి జరిపి దారిచ్చాను.