డోలు కోతి

సూదిలోకి దారం ఎక్కించి, నాన్న చొక్కా చేతిమీద గుండీ ఆనించి చూసింది కూతురు. మిగతా గుండీలన్నీ తెల్లవి. తన చేతిలో ఉన్నది గోధుమరంగుది.

"అమ్మా, తెల్లది లేదా?"

"ఉన్నదే కుట్టెయ్. చేతులు మడిచాక ఎవరు చూడొచ్చారు?" అంది అమ్మ, ఇటు తిరక్కుండానే.

ఆమె మెత్తటి గుడ్డతో రేకు కోతిని తుడుస్తోంది. కోతి మెడలో డోలు, ఎత్తిన చేతుల్లో పుల్లలు, వీపున కీ పెట్టే చిన్న రంధ్రం. కీ మాత్రం లేదు. పాత సామాన్ల సంతలో కొన్న నాటినుంచీ ఆ కీ కోసమే అమ్మా నాన్నా ప్రతి ఆదివారం మళ్ళీ అదే సంతకు వెళ్తున్నారు. కీ దొరకదు. ఊరికే రావడం ఎందుకని ఏదో ఒకటి మోసుకొస్తారు. గోడ నిండా ఉన్న బిస్కెట్ డబ్బాలు, సిరాబుడ్లు, లాంతర్లు, ఒక కాలు విరిగిన చెక్కగుర్రం, అన్నీ అలా చేరినవే. ఆ రెండు గదుల్లో మనుషులు పక్కకి తిరిగి నడవాల్సి వస్తోంది.

"నాన్నకి మోకాలు వాస్తోంది, నీకు ఎండ పడదు. చాల్లే ఈ తిరుగుడు," అని పక్కవీధిలో కాపురమున్న కూతురు ఇవాళ గడియారాల మెకానిక్‌ను వెంటబెట్టుకొచ్చింది. అతను కంటికి అద్దం బిగించి కోతి వీపులోకి తొంగిచూశాడు.

"చిత్రంగా ఉందే! కీ ఇచ్చి ఏళ్ళయిందన్నారు. లోపల తుప్పే లేదు. నూనె తడి కూడా ఉంది."

"కుట్టుమిషను నూనె. నేనే వేస్తుంటాను," అంది అమ్మ.

"కీ లేని బొమ్మకి నూనె దేనికండీ?"

"దొరికిన రోజున తిరగొద్దూ?"

నాన్న అడ్డొచ్చాడు. "మీరు చేసేది కొత్త కీ అవుతుంది. పాత బొమ్మకి దాంతో పుట్టిన కీయే ఉండాలి. లేకపోతే విలువ పోతుంది."

"దీన్ని అమ్ముతారా?"

"చచ్చినా అమ్మను."

"మరి విలువ పోతే మీకేం పోయిందండీ?"

నాన్న గడ్డం గోక్కున్నాడు. మెకానిక్ నవ్వుతూ కొలత తీసుకుని, "గంటలో చేసిస్తాను. సరే అనుకుంటే ఫోన్ కొట్టండమ్మా," అని కూతురికి చెప్పి వెళ్ళాడు.

"చేయించేస్తున్నాను. కోతి డోలు కొట్టేస్తే మీ వేట ఇవాళ్టితో సరి," అంది కూతురు. ఇద్దరూ ఉలకలేదు, పలకలేదు.

వాళ్ళు అలా ఊరుకుంటే కూతురికి చిన్నతనం గుర్తొస్తుంది. నాన్నకి అచ్చాఫీసులో ఎప్పుడూ రాత్రి డ్యూటీయే. పగలు నిద్ర. గిన్నె చప్పుడు కాకుండా వండటం, గాజులు పైకి తోసుకుని గిన్నెలు తోమటం అమ్మ అప్పుడే నేర్చుకుంది. తనూ సైగలతోనే పెరిగింది. నాన్న ఉద్యోగం మానేసి ఇంట్లో ఉంటున్నా ఆ మౌనం పోలేదు. ఆయన పేపరు వెనకా, ఈవిడ మిషను వెనకా. కోతి వచ్చాకే ఇంట్లో నోళ్ళు లేచాయి.

"ఇవాళ ఇనుప సామాన్ల వైపు నుంచి మొదలెడదాం," అన్నాడు నాన్న కాసేపటికి.

"అటంతా ఎండ. బొమ్మల వైపు నుంచి వెళ్దాం."

"పోయినసారీ అటే లాక్కెళ్ళావు. ఏం దొరికింది? కాలు లేని గుర్రం!"

"మీరు తెచ్చిన డొక్కు ఫోన్‌లో ఎవరైనా పలికారా?"

వాదించుకుంటూనే నాన్న పెరట్లోకి స్నానానికి, అమ్మ గేటు దగ్గర పొరుగావిడతో కబుర్లకి వెళ్ళారు.

కూతురికి ఆ గోధుమరంగు గుండీ మనసొప్పలేదు. ఒక్కో డబ్బా దించి మూత తీసింది. ఒకదాన్లో గోలీలు, ఇంకోదాన్లో పెన్ను పాళీలు. ఓడ బొమ్మ ఉన్న డబ్బాలో గుండీలు. తెల్లది కోసం అడుగుదాకా చెయ్యి పెట్టింది. వేళ్ళకి ఇనుము తగిలింది.

సీతాకోకచిలుక రెక్కల్లాంటి తల ఉన్న చిన్న కీ.

కోతి వీపున పెట్టి అర తిప్పు తిప్పింది. కోతి టక్కున ఒక దెబ్బ వేసింది. గబుక్కున దాని చేతులు పట్టుకుంది కూతురు. నూనె ఎందుకో ఇప్పుడు తెలిసింది. అమ్మ! నోట్లో నాలుక లేనట్టుండే అమ్మ! పాపం, నాన్న కుంటుకుంటూ సంతంతా గాలిస్తుంటే, ఈవిడ వెనకాలే ఏమీ ఎరగనట్టు నడుస్తుందా?

నవ్వొచ్చింది. ఆ వెంటనే నాన్న మోకాలు గుర్తొచ్చి కోపమూ వచ్చింది. డబ్బా మూసి, మిగతావాటి మధ్య ఎప్పట్లా సర్దేసి, ఆ గోధుమరంగు గుండీనే గబగబా కుట్టేసి, కీని పిడికిట్లో పెట్టుకుంది. నాన్నకి చెప్పి తీరాల్సిందే.

"వస్తున్నారా, నన్నే పొమ్మంటారా?" గేటు దగ్గర్నుంచి అమ్మ కేక.

"వస్తున్నా, వస్తున్నా!" నాన్న తల తుడుచుకుంటూ లోపలికొచ్చి చొక్కా తొడుక్కున్నాడు. "గుండీ కుట్టావా తల్లీ?"

"కుట్టాను. నాన్నా, ఒక్క నిమిషం. నువ్వు బాధపడకూడదు మరి."

పిడికిలి విప్పింది.

నాన్న కీ వంక చూశాడు. కిటికీలోంచి గేటు వంక చూశాడు. గొడుగు విప్పుకుని అమ్మ నిలబడి ఉంది, సంతలో బొమ్మల వైపు పోయే దారికి తిరిగి.

కూతురి అరచేతిలోంచి కీ తీసుకున్నాడు. మునివేళ్ళ మీద లేచి, అన్ని డబ్బాల్లోంచీ ఓడ బొమ్మ డబ్బా దించాడు. గుండీలు ఒక పక్కకి తోసి, కీని అడుగున పెట్టి, పైన మళ్ళీ పరిచాడు. మూత నొక్కి, దాన్ని తీసినచోటే పెట్టి, చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు.

కీ ఎక్కడ దొరికిందో కూతురు ఇంకా చెప్పనేలేదు.